ఎదురు బల్ల

ఆ వానాకాలం మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నేను తప్ప. నాది మొదటినుంచీ భయస్థురాలి తత్వం. ఫోను మోగితే చాలు, గుండె దడదడలాడుతుంది. అందుకే దాని నోరు ఎప్పుడూ మూసే ఉంచుతాను. మంచి వార్త వచ్చినా దాని వెనకాల ఇంకేదో నక్కి ఉందేమోనని తొంగి చూస్తాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని అత్తయ్య వేళాకోళం చేసేది. కత్తుల ఇంటి కోడలికి ఆ సామెత అతికినట్టు సరిపోయిందని మా ఆయన ఒకటే నవ్వు.

కత్తుల ఇల్లంటే నిజంగా కత్తుల ఇల్లే. ముందు గది కార్ఖానా, వెనక గదుల్లో కాపురం. మేము చేసేది ఒకే ఒక్క రకం జేబుకత్తి. ఒక బ్లేడు, వెనక ఒక స్ప్రింగు, అటూ ఇటూ చెక్క పిడి, అంతే. మావయ్య వాళ్ళ నాన్న మొదలుపెట్టిన నాటినుంచీ దాని రూపం మారలేదు. తోటమాలులు, కరెంటు పనివాళ్ళు, మూటలు కట్టేవాళ్ళు కొనుక్కుని, పోగొట్టుకునేదాకా వాడతారు.

మా ఆయన గ్రైండర్ మీద సానపడతాడు. స్ప్రింగు పెట్టి రివెట్లు బిగించడం నేను నేర్చుకున్నాను. బిగించిన కత్తి మావయ్య బల్ల మీదికి వెళ్తుంది. ఆయన తెరుస్తారు, టక్. మూస్తారు, టక్. ఒక్క క్షణం ఆగి, కుడి పళ్ళెంలోనో ఎడమ పళ్ళెంలోనో వేస్తారు. కుడివైపువి ఎదురు బల్ల దగ్గర కూర్చున్న అత్తయ్య చేతికి పాలిష్‌కి వెళ్తాయి. ఎడమవైపువి విప్పడానికి మళ్ళీ నా దగ్గరికే వస్తాయి. స్ప్రింగు సరిగ్గా కూర్చుంటే చప్పుడు పొడిగా, ఒకే ముక్కగా ఉంటుంది. కూర్చోకపోతే కొంచెం నానినట్టు వస్తుంది. అలాంటి కత్తి ఏదో ఒక రోజు వాడేవాడి వేళ్ళ మీదే మూసుకుంటుంది. మావయ్య చేతిమీదుగా వెళ్ళిన కత్తి ఎవరి వేలూ కొరికిన పాపాన పోలేదు. బజారులో ఆయన్ని 'చెవిగారు' అనేవారు. మా ఇంటి పరువూ, బతుకూ ఆ చెవి మీదే నిలబడ్డాయి.

వానలు మొదలైన రోజుల్లోనే టోపీ వచ్చాడు. అసలు పేరు చెప్పాడు గానీ, ఇంట్లోకి వచ్చినా టోపీ తీయడు కాబట్టి మాకు టోపీగానే ఉండిపోయాడు. కుర్రాళ్ళు వీధుల్లో వేసుకు తిరిగే వదులు చొక్కాలు, బూట్లు చేసే కంపెనీ అతనిది. వాళ్ళ కొత్త చొక్కా వస్తుందంటే దుకాణం తెరవకముందే జనం బారులు తీరతారట. ఆ రోజు అతను వేసుకొచ్చిన చొక్కాలో ఇంకో మనిషి కూడా పడతాడు. "పాపం, అన్నగారిది తొడుక్కొచ్చేసినట్టున్నాడు" అని అత్తయ్య నా చెవిలో గొణిగింది.

మనిషి మాత్రం మంచివాడే. కూర్చోగానే జేబులోంచి మా కత్తి తీశాడు. పిడి అరిగి నున్నబడిపోయింది. గోదాములో అట్టపెట్టెలు కోసే పనిలో ఉన్నప్పుడు కొన్నాడట, అప్పటినుంచీ వదల్లేదట. అదే కత్తిని తమ కంపెనీ, మేమూ కలిసి కొత్తగా తేవాలని అతని కోరిక. నల్ల పూత పూసిన బ్లేడు, నారింజ రంగు పిడి, ఓ మూల వాళ్ళ గుర్తు. పూత వాళ్ళే వేయించి పంపుతారు, బిగించడం మాది. ప్రతి డబ్బా మీద 'పెద్దాయన విని పంపిన కత్తి' అని అచ్చు వేస్తారు. పెద్దాయన అలా వింటుండగా ఒక వీడియో తీసి లోకమంతా చూపిస్తారు.

మావయ్య "ఆఁ?" అన్నారు. ఆయనకు ఏదైనా రెండుసార్లు చెప్పాలి. పనిలో మునిగిపోయే మనిషి కదా అని మేమెవరమూ పట్టించుకునేవాళ్ళం కాదు. టోపీ ఆయన ఎదురుగా జరిగి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. మావయ్య ఎదురు బల్ల వైపు చూశారు. అత్తయ్య తలొంచుకుని తన పాలిష్ తను పట్టుకుంటోంది. "సరే, కానివ్వండి" అన్నారు మావయ్య.

మా ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పెద్ద దుకాణాల్లో చవక కత్తులు వచ్చాక మా సరుకు అడిగేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇక చూసుకో అన్నాడు నాతో. నేను చూసుకుంటూనే ఉన్నాను. నాకు కనిపించిందల్లా డబ్బా మీది ఆ అచ్చు. మాట నోటితో అనడం వేరు, డబ్బా మీద వేయించుకోవడం వేరు.

కొన్నాళ్ళకి వీడియో తీసే అమ్మాయి వచ్చి గది చూసుకుంది. చురుకైన పిల్ల. గది నాలుగు మూలలా నిలబడి, కళ్ళు చికిలించి, కిటికీ వెలుగు మావయ్య ముఖం మీద పడే చోటు కనిపెట్టింది. ఆ వెలుగుకి అత్తయ్య బల్ల అడ్డం. షూటింగు అయ్యేదాకా దాన్ని లోపలి గదిలో పెట్టుకోవచ్చా అని మర్యాదగానే అడిగింది. మా ఆయన దానికేం భాగ్యం అంటూ అప్పటికప్పుడు ఓ చివర పట్టుకున్నాడు. అత్తయ్య తన గుడ్డలూ పాలిష్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని లేచింది. బల్ల ఉన్నచోట ఓ పొడవాటి దీపపు స్టాండు వెలిసింది. మావయ్య ఆ స్టాండు వంక చాలాసేపు చూశారు.

పూత పూసిన బ్లేడులు రావడంతో పని ఊపందుకుంది. పూత కొన్నిటికి మరీ మందంగా పడి, కీలు దగ్గర పట్టేసేది. బిగించేటప్పుడే నా చేతికి తెలిసేది. ఇంతకుముందెన్నడూ ఎరగనన్ని కత్తులు ఎడమ పళ్ళెంలోకి వస్తాయనుకుని భయపడ్డాను. రాలేదు. ఎడమ పళ్ళెం దాదాపు ఖాళీగానే ఉండేది. పూత కత్తులకి పాలిష్ అక్కర్లేదు కాబట్టి కుడివైపువి అత్తయ్య దగ్గరికి పోకుండా నేరుగా పెట్టెల్లోకే వెళ్ళేవి. నా పనితనం పెరిగిందేమోనని ఒకటి రెండు రోజులు లోలోపల మురిసిపోయాను కూడా. మొదటి పెట్టె నమూనాగా టోపీకి వెళ్ళిపోయింది.

అది వెళ్ళిన మర్నాడు, కొత్త అట్టపెట్టెకి కట్టిన తాడు కోయాలని కుడి పళ్ళెంలోంచి ఓ కత్తి తీసుకున్నాను. తాడు మీద పెట్టి కొంచెం నొక్కానో లేదో, బ్లేడు వెనక్కి మడుచుకుని నా వేలు కొరికేసింది. నొప్పి కన్నా ముందు భయం వచ్చింది. అది మావయ్య విని పంపిన కత్తి.

వేలికి గుడ్డ చుట్టుకుని, ఆయన పెరట్లోకి వెళ్ళినప్పుడు పళ్ళెంలోవి ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని చూశాను. నాదేం గొప్ప చెవి కాదు. అయినా నాలాంటిదానికే తెలిసిపోయింది. కొన్ని టక్‌మంటున్నాయి, కొన్ని ఊరికే మూసుకుంటున్నాయి.

ఆ తర్వాత ఆయన్నే గమనిస్తూ కూర్చున్నాను. కత్తి తెరుస్తారు, మూస్తారు, తలెత్తి ఎదురుగా చూస్తారు. ఎదురుగా దీపపు స్టాండు. కొంచెంసేపు దాని వంకే చూసి, కత్తిని కుడివైపు వేసేస్తారు. మళ్ళీ ఇంకోటి, మళ్ళీ స్టాండు, మళ్ళీ కుడివైపే. నేను వెళ్ళి ఆయన వీపు వెనక నిలబడి "మావయ్యా" అన్నాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. చేతిలో కత్తి తిప్పి చూసుకుంటున్నారు. ఆ బక్క వీపు చూస్తుంటే ఏడుపొచ్చింది. చప్పుడు చేయకుండా అక్కణ్ణించి వచ్చేశాను. వచ్చాక తోచింది, చప్పుడు చేసినా ఒకటే కదా అని.

అత్తయ్య వెనక వసారాలో ఉతికిన బట్టలు పిండుతోంది. బయట వాన. నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. ఆవిడ నా వేలికున్న గుడ్డ చూసింది.

"మన కత్తేనా?" అంది.

అవునన్నాను. ఆవిడ దుప్పటి మెలిపెట్టడం ఆపలేదు.

"ఎప్పటినుంచి అత్తయ్యా?"

"నువ్వీ ఇంటికి రాకముందు నుంచే. వయసులో ఉన్నన్నాళ్ళూ ఆ గ్రైండర్ దగ్గరే కూర్చున్నారు. చెవులెక్కడ మిగుల్తాయి? ఎదురుగా ఉండి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటారు. టక్కుమనేది మాత్రం వినపడదు."

"చేతికి తెలీదా?"

"పెద్ద తప్పయితే తెలుస్తుంది. చిన్న తప్పు చెవికే తెలియాలి."

మరి ఇన్నేళ్ళూ అని అడిగాను. ఆవిడ దుప్పటి దులిపి తీగ మీద వేసింది. వేస్తూనే, రోజూ అన్నం వండుతానన్నంత మామూలుగా చెప్పింది. చప్పుడు బాగుంటే తను తలొంచుకుని పాలిష్ పట్టుకుంటుందట. బాగాలేకపోతే తలెత్తుతుందట. ఆయన చూసి పక్కన పెడతారట.

"అలా అనుకుని పెట్టుకున్నారా ఇద్దరూ?"

"ఎవరనుకున్నారు? ఓసారి పాడు చప్పుడొస్తే ఊరికే తలెత్తాను. ఆయన నన్ను చూసి ఎడమవైపు వేశారు. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే చెవుడని ఒప్పుకోవాలి కదా."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. డబ్బా మీద ఆయన పేరేమిటి, మీది కదా ఉండాలి అన్నాను.

"పేరు పెట్టుకుని ఏం కోసుకుంటాను?" అని నవ్వింది అత్తయ్య. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "బల్ల మళ్ళీ అక్కడ వేయమని అడగొచ్చు. అడిగితే ఎందుకంటారు. ఎందుకో చెప్తే ఆయన ఆ బల్ల దగ్గర్నించి లేచిపోతారు. లేచి ఇంకెక్కడ కూర్చుంటారే?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే మనిషి కూలిపోతాడు, చెప్పకపోతే ఎవరి వేలో తెగుతుంది. ఆ సాయంత్రం ఆయన క్షవరానికి వెళ్ళినప్పుడు మేమిద్దరం ఇంట్లో మిగిలిన పెట్టెలన్నీ దింపాం. అత్తయ్య కళ్ళు మూసుకుని విని, చెడ్డవి ఏరి నా ఒళ్ళో వేసింది. వాటిని మా ఆయన కంటపడకుండా స్ప్రింగుల గోనె కింద దాచాను. మా ఆయనకు చెప్పొచ్చు కదా అంటారేమో. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాటినుంచి మాత్రం చెవుల్లో దూది పెట్టుకోనిదే గ్రైండర్ స్విచ్ వేయనివ్వలేదు. ఇదెక్కడి కొత్త పిచ్చి అని విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కోనీ అనుకున్నాను.

ఇంట్లో ఉన్నవి సర్దుకున్నాం. వెళ్ళిపోయిన మొదటి పెట్టె మాటేమిటి? కాలు గాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఫోను మోగకపోయినా దాన్ని తీసి చూసేదాన్ని. షూటింగు ముందురోజు టోపీ మా ఆయనకు ఫోన్ చేశాడు. రేపు వచ్చాక ఓ చిన్న విషయం మాట్లాడాలి అన్నాడట. ఏం విషయమని నువ్వెందుకు అడగలేదని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయనకు నా బాధ అర్థం కాలేదు. ఏమవుతుందీ, ఇంకా కావాలంటారు, అంతేగా అన్నాడు.

తెల్లారింది. ఒకటే వాన. కెమెరా అమ్మాయి సామాను దింపుకుంటోంది. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. ఎదురుగా ఆ పాడు స్టాండు. ఆయన చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఆయనకీ భయంగానే ఉందని అప్పుడు తెలిసింది. నాకొక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నేను లోపలి గదిలోకి వెళ్ళాను. అత్తయ్య తన బల్ల దగ్గర కూర్చుని ఉంది. కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచి ఆ బల్ల మీద పోశాను. సరిపోదనిపించి ఇంకో చెంబు పోశాను. అత్తయ్య నోరు తెరిచి నన్నే చూస్తోంది.

"కప్పు కారుతోంది!" అని కేకేశాను.

మా ఆయన పరిగెత్తుకొచ్చి పైకి చూశాడు, కిందికి చూశాడు. లేని చిల్లు వెతకడానికి ఆ వానలోనే నిచ్చెనేసుకుని కప్పెక్కాడు. నేను బల్ల ఓ చివర, అత్తయ్య ఓ చివర పట్టుకుని ముందు గదిలోకి మోసుకొచ్చాం. లోపలంతా నీళ్ళమ్మా, ఇక్కడే ఓ మూల కూర్చుంటుంది అన్నాను కెమెరా అమ్మాయితో. ఆమె కెమెరాలోంచి చూసి, స్టాండు కొంచెం పక్కకు జరిపింది. "ఆంటీ, మీరు ఈ గీత దాటి ముందుకు రాకపోతే చాలు, ఫ్రేములో పడరు" అంది. అత్తయ్య గీతకు ఇవతల కూర్చుని, ఒళ్ళో గుడ్డ పరుచుకుంది. ఎదురుగా మావయ్య. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోలేదు. మావయ్య చేతులు నలుపుకోవడం మాత్రం మానేశాయి.

టోపీ ఆలస్యంగా వచ్చాడు. మొహంలో ఎప్పటి నవ్వు లేదు. మా ఆయన్ని పక్కకు పిలుద్దామని చూస్తే ఆయన కప్పు మీద ఉన్నాడు. అప్పటికే కెమెరా తిరుగుతోంది. మావయ్య ఓ కత్తి తెరిచారు, మూశారు, ఎదురుగా చూసి కుడివైపు వేశారు. ఇంకోటి కుడివైపు. ఇంకోటి ఎడమవైపు. టోపీ కాసేపు గుమ్మంలోనే నిలబడి చూశాడు. తర్వాత నెమ్మదిగా వచ్చి, జేబులోంచి నల్ల కత్తి ఒకటి తీసి, మావయ్య ముందు వరసలో మిగతావాటితో పాటు పెట్టాడు. అతని బొటనవేలికి పట్టీ ఉంది.

ఆ కత్తి ఏదో నాకు తెలుసు. ఎక్కణ్ణించి వచ్చిందో కూడా తెలుసు.

మావయ్య దాన్ని తీసుకున్నారు. తెరిచారు. మూశారు. తలెత్తారు.

అత్తయ్య కూడా తలెత్తింది.

ఆయన ఆ కత్తిని ఎడమ పళ్ళెంలో వేశారు. వేసి, చెయ్యి వెనక్కి తీసుకోబోయి ఆగారు. టోపీ వేలికున్న పట్టీ అప్పుడు చూశారు.

"ఇది నేను పంపిందా?" అన్నారు.

"అవునండీ. మొదటి పెట్టెలోది." టోపీ గొంతులో నిష్ఠూరం లేదు, ఎలా చెప్పాలో తెలియని ఇబ్బందే ఉంది.

మావయ్య మళ్ళీ ఎదురు బల్ల వైపు చూశారు. ఈసారి ఆయన చేతిలో కత్తేమీ లేదు. ఎంతసేపు చూశారో. అత్తయ్యే ముందు చూపు దించుకుంది.

"ఆ పెట్టె మొత్తం వెనక్కి పంపించు బాబూ" అన్నారు. "ఆ రోజుల్లో గది సర్దుడు మారిపోయింది. నాకు కుదర్లేదు. మళ్ళీ అన్నీ మొదట్నించీ చూసి పంపుతాను."

చూసి పంపుతాను అన్నారు. ఆ మాట ఇంకెవరూ పట్టించుకోలేదు. టోపీ ఊపిరి పీల్చుకుని, అందుకే వచ్చానండీ, ఈ ఒక్కటీ మీరే పట్టుకుంటే నాకింకే అనుమానమూ లేదన్నాడు. కెమెరా అమ్మాయి, వినేటప్పుడు మీరేం ఆలోచిస్తారండీ అని అడిగింది. మావయ్య ఆమె పెదాలు చూసి, కొంచెం ఆలోచించారు.

"ఏమీ ఆలోచించను. ఎదురుగా చూస్తాను" అన్నారు.

మా ఆయన తడిసి ముద్దయి నిచ్చెన దిగి వచ్చాడు. చిల్లు దొరికిందట. నిజంగానే ఒకటి ఉందట. నువ్వు ఇంత ముందే కనిపెట్టావంటే నీ భయం కూడా ఒక్కోసారి పనికొస్తుందన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా తల తుడుచుకోవడానికి తువ్వాలు అందించాను.

వాళ్ళంతా వెళ్ళిపోయాక మావయ్య తనే లేచి అత్తయ్య బల్లని పాత చోటికి జరిపారు. నేను సాయం పట్టబోతే వద్దన్నారు. దాని కాళ్ళని నేలకి మేకులు కొట్టి బిగించారు. ఇక ఎవరు అడిగినా కదలదన్నమాట. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఊడ్చుకోవడం ఎలాగండీ దాని కింద?" అని మాత్రం అడిగింది. ఆయనకి వినపడలేదు.

వీడియో వానలు వెనకబట్టాక వచ్చింది. జనం ఎగబడి చూశారు. కత్తి గురించి ఎంత రాశారో ఆయన చూపు గురించి అంత రాశారు. వినేటప్పుడు ఆ పెద్దాయన చూపు ఎక్కడో దూరంగా వెళ్ళిపోతుంది చూడండి, ఈ లోకంలోనే ఉండడు అని ఎవరో రాస్తే, అవునవునని వందమంది వంత పాడారు. నేను చదివి నవ్వుకున్నాను. ఆయన చూపు గీత దాటి అడుగు దూరం కూడా వెళ్ళలేదు.

ఆ సాయంత్రం అందరం ముందు గదిలో కూర్చున్నాం. మావయ్య తన బల్ల దగ్గర, అత్తయ్య తన బల్ల దగ్గర గుడ్డ తిప్పుతూ. నేను నా ఫోను మావయ్య ముందు నిలబెట్టి వీడియో పెట్టాను. తెర మీద నారింజ పిడి మెరిసింది. ఆయన వేళ్ళు కత్తిని తెరిచాయి.

ఫోను నోరు మూసి ఉందన్న సంగతి నాకు గుర్తులేదు.

రావలసిన చప్పుడు రాకపోయేసరికి అత్తయ్య పాలిష్ ఆపి తలెత్తింది.

"పక్కన పెట్టమ్మా" అన్నారు మావయ్య. "ఇది బాగాలేదు."

బొమ్మ అంత బాగుంటే బాగాలేదంటారేమిటని మా ఆయన నొచ్చుకున్నాడు. నేను గబగబా ఫోను తీసి, దాని గొంతు పెంచి, మళ్ళీ మొదటినుంచీ పెట్టాను. టక్‌మంది, పొడిగా, ఒకే ముక్కగా. మావయ్య తెర వంక చూడనేలేదు. అత్తయ్య తలొంచుకుని గుడ్డ తిప్పుకుంటోంది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నారు.